కంటి ముందు నీడలు: తాడిగడప బోర్డు మీది ఎల్వీ ప్రసాద్ ఎవరు?

విజయవాడ బెంజి సర్కిల్లో ఆటో ఆపి ఎల్వీ ప్రసాద్ అంటే డ్రైవరు సినిమాల గురించి ఆలోచించడు. బందరు రోడ్డు పట్టుకుని పటమట, కానూరు దాటించి తాడిగడప వైపు తీసుకెళ్లి కంటి ఆసుపత్రి దగ్గర దింపుతాడు. ఉయ్యూరు, పామర్రు, గుడివాడ, అవనిగడ్డ వైపు నుంచి వచ్చేవాళ్లకూ ఆ పేరంటే ఆసుపత్రే. మిస్సమ్మ సినిమా సీన్లన్నీ నోటికి వచ్చినవాళ్లు కూడా ఆ సినిమా తీసిన మనిషి, ఆ బోర్డు మీద పేరున్న మనిషి ఒకరేనని వెంటనే కలపరు.

కంటి డాక్టర్ల దగ్గరికి వచ్చే బాధల్లో ఒకటి వినడానికి చాలా చిన్నది. కంటి ముందు ఈగ తిరుగుతోంది, తోలినా పోవడం లేదు అంటారు. కొందరికి అది వెంట్రుకలా ఉంటుంది, కొందరికి సాలెగూడులా, కొందరికి నల్ల చుక్కల్లా. కన్ను ఎటు తిప్పితే అటు వస్తుంది. ఆపి చూద్దామంటే జారిపోతుంది. తెల్ల గోడ మీద, ఎండలో ఆకాశం మీద, నీళ్లు పెట్టిన వరి చేను మీద బాగా తెలుస్తుంది. డాక్టర్లు వీటిని ఫ్లోటర్స్ అంటారు. ఎక్కువమందికి వీటివల్ల ఏ హానీ లేదు. కొద్దిమందికి మాత్రం కన్ను పోయేముందు వచ్చే మొదటి కబురు ఇదే. ఆ రెండింటికీ తేడా కంటి లోపలికి చూస్తే గానీ తెలియదు. ఇంట్లో అద్దం ముందు నిలబడి ఎంతసేపు చూసుకున్నా ఏమీ కనపడదు.

బోర్డు మీద పేరున్న ఆ మనిషి బతుకంతా నీడలతోనే గడిచింది. తెర మీద నీడలతో.

అక్కినేని లక్ష్మీ వరప్రసాదరావు ఏలూరు పక్కన సోమవరప్పాడులో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. తండ్రి శ్రీరాములు, తల్లి బసవమ్మ. పుట్టినరోజు జనవరి 17. బెజవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువ, గోదావరి వైపు నుంచి వచ్చే కాలువ కలిసేది ఏలూరులోనే. అందుకే రెండు డెల్టాల సరుకూ, రెండు డెల్టాల నాటక కంపెనీలూ ఆ ఊరు మీదుగా పోయేవి. పిల్లాడు తెలివైనవాడే కానీ చదువు మీద మనసు లేదు. గారాబంగా పెరిగాడు. ఊళ్లోకి నాటకాల వాళ్లు వస్తే వాళ్ల వెంటే ఉండేవాడు, చిన్న వేషం దొరికితే వేసేవాడు. అంతకంటే పెద్ద పిచ్చి ఇంకొకటి ఉండేది. డేరా వేసి చూపించే బయోస్కోపు.

అప్పటికి పక్కా సినిమా హాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. బెజవాడలో మారుతి సినిమా హాలు 1921లో వచ్చింది. పల్లెలకు మాత్రం డేరా బయోస్కోపే దిక్కు. మాటలు లేని బొమ్మలు, అరిగిపోయిన పాత రీళ్లు. ఆ కాలం ప్రొజెక్టరు గురించి తెలిసినవాళ్లకు ఒక సంగతి గుర్తుంటుంది. వెనక నుంచి వచ్చే వెలుగు ఫిల్మ్ గుండా పోయే సన్నని కిటికీ ఒకటి మెషిన్లో ఉంటుంది. దాన్ని గేటు అంటారు. ఆ గేటులో ఎక్కడైనా చిన్న నలుసో వెంట్రుకో ఇరుక్కుంటే తెర మీద అది తాడంత పెద్దగా కనపడి రాజుగారి మొహం మీద, రాణి నడుము మీద నాట్యం ఆడుతుంది. తెర దగ్గరికి వెళ్లి తుడిస్తే పోదు. అది తెర మీద లేదు, మెషిన్ లోపల ఉంది. ఆపరేటరు గేటు తెరిచి ఊదితేనే పోతుంది.

ఫ్లోటర్స్ సంగతీ దాదాపు ఇదే. కన్ను ఒక చిన్న చీకటి గది. ముందు కిటికీ ఉంటుంది, వెనక తెర ఉంటుంది. ఆ తెర పేరు రెటీనా. కిటికీకీ తెరకూ మధ్య ఖాళీ లేదు, జెల్లీ ఉంటుంది. దాన్ని విట్రియస్ అంటారు. మొత్తం కలిపి 4 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ స్పూను కూడా నిండదు. అయినా కంటి గుడ్డులో ఎక్కువ భాగం అదే. అందులో నూటికి 98 పాళ్లకు పైగా నీళ్లే. మిగతాది కంటికి కనపడనంత సన్నని నారపోగులు, ఆ నీటిని పట్టి ఉంచే పదార్థం. చిన్నప్పుడు గట్టిగా, తేటగా ఉండే ఈ జెల్లీ వయసుతో పాటు లోపల్లోపల కరిగి నీళ్లవుతుంది. పోగులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలు కడతాయి. వెలుగు వాటి మీద పడి, వాటి నీడ రెటీనా మీద పడుతుంది. మనిషి చూసేది ఆ పోగును కాదు, దాని నీడను. అందుకే తోలితే పోదు. ఎండలో ఎక్కువ తెలియడానికి కూడా కారణం ఉంది. వెలుగు ఎక్కువైతే కంటిపాప చిన్నదవుతుంది, సన్నని రంధ్రం గుండా వచ్చే వెలుగుకు నీడలు ఇంకా స్పష్టంగా పడతాయి.

చీకటి గది అనే ఈ పోలిక కొత్తదేమీ కాదు. వెయ్యేళ్ల కిందట బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ హైసమ్ అల్ బైత్ అల్ ముజ్లిమ్ పేరుతో చీకటి గదిలో వెలుగును పరీక్షించి చూశాడు. చూపు కంటి నుంచి బయటికి పోదు, వస్తువుల నుంచి వెలుగే కంట్లోకి వస్తుంది అని కితాబుల్ మనాజిర్‌లో తేల్చి చెప్పాడు. కెమెరా కథ చెప్పేవాళ్లు ఆయన దగ్గర్నుంచే మొదలుపెడతారు, కంటి కథ చెప్పేవాళ్లూ అంతే. సోమవరప్పాడు కుర్రాడు డేరాలో నోరు తెరుచుకుని చూసింది కూడా ఆ చీకటి గదికి మనవరాలి లాంటి మెషిన్నే.

1924లో ప్రసాదరావుకు మేనమామ కూతురు సౌందర్య మనోహరమ్మతో పెళ్లి అయింది. కూతురు పుట్టింది. ఈలోపు తండ్రి అప్పుల్లో కూరుకుపోయి ఐపీ పెట్టారు. ఐపీ అంటే ఏమిటో డెల్టా ఊళ్లలో ఇప్పటికీ విడమర్చి చెప్పక్కర్లేదు. భూమి పోవడం ఒక ఎత్తు, నలుగురిలో తల ఎత్తుకోలేకపోవడం ఇంకో ఎత్తు. పరువు పోయిన ఇంట్లో చదువు లేని కొడుకు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా జేబులో వంద రూపాయలు పెట్టుకుని ఇల్లు వదిలి బొంబాయి వెళ్లిపోయాడు. భార్యకూ చెప్పలేదు. సినిమావాళ్ల జీవిత కథల్లో ఇలాంటి ఘట్టాన్ని సాహసంగా రాస్తారు. ఇంట్లో మిగిలిన మనోహరమ్మకు, చిన్న పిల్లకు అది సాహసంగా అనిపించి ఉండదు.

బొంబాయిలో మొదట దొరికింది వీనస్ ఫిల్మ్ కంపెనీలో పైపనులు చేసే కుర్రాడి ఉద్యోగం. టీలు తేవడం, సామాను మోయడం. తరవాత మూకీ సినిమాల్లో చిన్న వేషాలు. అక్కడి నుంచి అర్దేషిర్ ఇరానీ నడిపే ఇంపీరియల్ కంపెనీలోకి వెళ్లారు. అప్పుడే దేశంలో సినిమాకు మాట వస్తోంది. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ హాల్లో ఆలం ఆరా విడుదలైంది. ఉర్దూ, హిందుస్తానీ కలిసిన మాటలతో వచ్చిన దేశపు మొదటి టాకీ అది. అందులో ఏలూరు పల్లెటూరి నుంచి వచ్చిన ఈ తెలుగువాడు ఒక చిన్న వేషం వేశారు. అదే సంవత్సరం హెచ్.ఎం. రెడ్డి తీసిన కాళిదాస్‌లోనూ ఉన్నారు, తమిళానికి అది మొదటి టాకీ. తరవాత భక్త ప్రహ్లాద వచ్చింది, 1932 ఫిబ్రవరిలో విడుదలైన తెలుగు మొదటి టాకీ. అందులో ప్రహ్లాదుడి బళ్లో మొద్దబ్బాయి వేషం ఆయనది. మూడు భాషల మొదటి టాకీల్లోనూ కనపడిన మనిషి ఆయన. ఆలం ఆరా ప్రింటు ఒక్కటి కూడా ఇప్పుడు మిగల్లేదు. ఫొటోలు, ప్రకటనలు తప్ప ఆ సినిమాను చూసే దారి లేదు.

పేరు కూడా బొంబాయిలోనే కత్తిరింపుకు గురైంది. అక్కినేని లక్ష్మీ వరప్రసాదరావు అని అంత పొడుగు పేరు రాయడం అక్కడివాళ్లకు కష్టమై ఎల్.వి. ప్రసాద్ అని కుదించారు. అలీ షా ద్వారా కమర్ అల్ జమాన్ అనే సినిమాకు అసిస్టెంట్ డైరెక్టర్ పని దొరికింది. వేషాల మోజు కొంచెం తగ్గి కెమెరా వెనక పని మీద దృష్టి పడింది అప్పుడే. ఊరెళ్లి భార్యను తెచ్చుకున్నారు. కొడుకులు పుట్టారు. పదేళ్లకు పైగా పెద్దగా ఏమీ జరగలేదు. ఒక సినిమా మొదలై ఆగిపోవడం, ఇంకో కంపెనీలో చేరడం, పృథ్వీరాజ్ కపూర్ నాటక బృందంలో పని. ఆ పదేళ్లలో ఉర్దూ, హిందీ బాగా వంటబట్టాయి. తరవాతి రోజుల్లో అవే ఆయనకు కోట్లు తెచ్చిపెట్టాయి.

అదృష్టం తిరిగింది మద్రాసులో. చల్లపల్లి జమీందారు అండతో నడిచే సారథి ఫిలింస్ వాళ్లు గృహప్రవేశం సినిమా ఆయన చేతిలో పెట్టారు. డైరెక్టరూ ఆయనే, హీరో కూడా ఆయనే, హీరోయిన్ భానుమతి. 1946లో విడుదలైంది. గూడవల్లి రామబ్రహ్మం జబ్బుపడితే పల్నాటి యుద్ధం పూర్తిచేసి ఇచ్చారు. 1949లో మనదేశం తీస్తూ నిమ్మకూరు కుర్రాడు ఒకణ్ని పోలీసు ఇన్‌స్పెక్టరు వేషంలో పరిచయం చేశారు. ఆ కుర్రాడి పేరు ఎన్టీ రామారావు. 1950లో నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థకు షావుకారు తీశారు. అదే ఏడు సంసారంలో రామారావు, నాగేశ్వరరావు ఇద్దర్నీ పెట్టారు. పెళ్లిచేసి చూడు 1952, మిస్సమ్మ 1955, అప్పుచేసి పప్పుకూడు 1959. ఈ సినిమాల గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఒక్క సంగతి మాత్రం గమనించవచ్చు. అప్పు, ఇల్లు, ఉద్యోగం కోసం అబద్ధం, పరువు కోసం పాట్లు, ఇవే ఆయన కథలు. ఐపీ పెట్టిన ఇంటి నుంచి వచ్చినవాడు అప్పు మీద జనం నవ్వుకునే సినిమా తీశాడు.

హిందీలో శారద, ఛోటీ బహన్ ఆయనే డైరెక్ట్ చేశారు. మిలన్, ఖిలోనా, 1981లో వచ్చిన ఏక్ దూజే కే లియే నిర్మాతగా తీశారు. మద్రాసులో ప్రసాద్ స్టూడియోస్ పెట్టారు, 1970ల్లో ఫిల్మ్ ల్యాబు పెట్టారు. సినిమా చరిత్ర రాసేవాళ్లు ల్యాబు గురించి ఒక లైను రాసి వదిలేస్తారు. కానీ ఈ కథకు అదే ముఖ్యం. ల్యాబులో శత్రువు దుమ్ము. నెగెటివ్ మీద ఒక నలుసు కూర్చుంటే దాని నుంచి తీసే ప్రతి ప్రింటులోనూ, దేశంలోని ప్రతి హాల్లోనూ ఆ మచ్చ కనపడుతుంది. ల్యాబులో చేతికి తొడుగులు వేసుకుంటారు, గాలిని వడగడతారు, ఫిల్మును కడుగుతారు. మచ్చ చూపు తెర మీద ఎలా పెరుగుతుందో ల్యాబులో పనిచేసేవాళ్లకంటే బాగా తెలిసినవాళ్లు ఉండరు. తేడా ఏమిటంటే ఫిల్మును కడగొచ్చు, పాడైతే ఇంకో ప్రింటు తీయొచ్చు.

ఏక్ దూజే కే లియే విడుదలైన సంవత్సరమే ఆయన చాలాకాలం తరవాత పెద్ద వేషంతో తెర మీద కనపడ్డారు. సింగీతం శ్రీనివాసరావు డైరెక్ట్ చేసిన తమిళ సినిమా రాజ పార్వై. తెలుగులో అమావాస్య చంద్రుడు. కమల్‌హాసన్‌ది చూపులేని వయొలిన్ కళాకారుడి పాత్ర. ఆ కళాకారుణ్ని ప్రేమించిన అమ్మాయికి తాతగా ప్రసాద్ వేశారు. ఇంటిల్లిపాదీ వద్దంటే ముసలాయన మాత్రం మనవరాలి పక్కన నిలబడతాడు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇచ్చారు.

ఆ రోజుల్లోనే ఇంకో డెల్టా మనిషి అమెరికా నుంచి తిరిగొచ్చాడు. కృష్ణా జిల్లా చోడవరంలో పుట్టి, గుంటూరు మెడికల్ కాలేజీలో, ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివి, అమెరికాలో రోచెస్టర్‌లో కంటి డాక్టరుగా పనిచేసిన గుళ్లపల్లి నాగేశ్వరరావు. 1981లో ఉద్యోగం వదులుకుని హైదరాబాద్ వచ్చేశారు. బోధన, పరిశోధన, వైద్యం మూడూ ఒకేచోట జరిగే కంటి సంస్థ పెట్టాలని ఆయన ఆలోచన. డబ్బున్నవాడికీ లేనివాడికీ ఒకే డాక్టరు, ఒకే మెషిన్ ఉండాలనేది ఇంకో ఆలోచన. ప్రసాద్, ఆయన కొడుకు రమేష్ ప్రసాద్ కలిసి 1980ల మధ్యలో ఆ సంస్థకు కోటి రూపాయలు, బంజారాహిల్స్‌లో ఐదెకరాల భూమి ఇచ్చారు. అప్పటి కోటి రూపాయలు. వంద రూపాయలతో ఇల్లు వదిలిన మనిషి. 1987లో అక్కడ ఆసుపత్రి మొదలైంది, ఆయన పేరు పెట్టారు. పేషెంట్లలో దాదాపు సగం మందికి డబ్బు తీసుకోకుండా వైద్యం చేయడం అప్పటి నుంచీ అక్కడి పద్ధతి.

దానాలు చాలామంది చేస్తారు. గుళ్లకు, మసీదులకు, కళ్యాణ మండపాలకు ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. కంటి ఆసుపత్రికి ఇవ్వడం అంత కొత్త కూడా కాదు. శుక్లాల ఆపరేషన్ క్యాంపులు ఊరూరా జరిగేవి, ముస్లిం ఇళ్లలో మోతియాబింద్ అనే ఆ జబ్బు అందరికీ తెలుసు. కానీ శుక్లం కంటి ముందు భాగంలో వచ్చేది. ఆలస్యం చేసినా ఎక్కువసార్లు ఆపరేషన్ చేసి చూపు తెప్పించవచ్చు. కంటి వెనక తెర సంగతి వేరు. దానికి క్యాంపులో పని జరగదు. ప్రత్యేకంగా చదివిన డాక్టర్లు, లేజర్లు, ఖరీదైన మెషిన్లు కావాలి, పైగా టైం ఉండదు. డేరా బయోస్కోపు రోజుల్లోనే, 1920ల్లో, స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో జూల్ గోనిన్ అనే డాక్టరు రెటీనాకు పడిన చిల్లును మూస్తే ఊడిన రెటీనా మళ్లీ అతుక్కుంటుందని చూపించేదాకా ఆ జబ్బుకు మందే లేదు. జెల్లీని కోసి తీసే విట్రెక్టమీ ఆపరేషన్ 1970 ప్రాంతంలో మయామీలో రాబర్ట్ మాకెమర్ మొదలుపెట్టారు. అంటే ప్రసాద్ ల్యాబు పెట్టిన రోజుల్లో ఆ ఆపరేషన్ వయసు పట్టుమని పదేళ్లు కూడా లేదు. హైదరాబాద్‌లో అలాంటి సంస్థ రావడం ఎంత పెద్ద సంగతో ఆ లెక్కలో చూడాలి.

ఇంతకీ ఈగ ఎప్పుడు ప్రమాదం?

వయసు యాభై దాటాక, కరిగిపోతున్న జెల్లీ ఒకరోజు కుంచించుకుపోయి రెటీనా నుంచి విడిపోతుంది. చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది జరిగేదే. మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్లకు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్లకు, కంటికి దెబ్బ తగిలినవాళ్లకు ముందే జరగొచ్చు. విడిపోయేటప్పుడు కొత్త ఫ్లోటర్స్ కనపడతాయి, ఒక్కోసారి ఉంగరంలా గుండ్రంగా ఉండేది ఒకటి తేలుతుంది. జెల్లీ రెటీనాను లాగితే చీకట్లో పక్క నుంచి మెరుపులు మెరిసినట్టు ఉంటుంది. రెటీనాకు నొప్పి తెలియదు, దాన్ని ఏది కదిపినా వెలుగుగానే తెలుస్తుంది. ఎక్కువమందిలో కథ అంతటితో అయిపోతుంది. కానీ ఎక్కడైనా జెల్లీ గట్టిగా అతుక్కుని ఉంటే, ఊడేటప్పుడు రెటీనాను చింపుతుంది. ఇలా హఠాత్తుగా ఫ్లోటర్స్, మెరుపులు మొదలైనవాళ్లలో దాదాపు ఏడుగురిలో ఒకరికి చిరుగు పడినట్టు తేలుతుంది. ఆ చిరుగులోంచి నీరు వెనక్కి చేరితే గోడకు అతికించిన కాగితం తడిసి ఊడినట్టు రెటీనా ఊడిపోతుంది. అప్పుడు ఒక పక్క నుంచి నల్ల తెర దిగినట్టు చూపు మూసుకుపోతుంది. ఆ తెర చూపు మధ్యకు రాకముందే ఆపరేషన్ చేస్తే ఫలితం బాగుంటుంది. మధ్యకు వచ్చాక చేస్తే రెటీనా అతుక్కున్నా చూపు మునుపటిలా రాకపోవచ్చు.

ఇందులో ఎక్కడా నొప్పి లేదు, కన్ను ఎర్రబడదు, నీరు కారదు. అదే అసలు చిక్కు. నొప్పి ఉంటే ఎవరైనా పరిగెత్తుతారు. నొప్పి లేదు కాబట్టి కోతలు అయ్యాక చూద్దాం, పండగ అయ్యాక చూద్దాం, పిల్ల పెళ్లి అయ్యాక చూద్దాం అంటారు. ఈలోపు దిష్టి తీయిస్తారు, కొన్ని ఇళ్లలో నజర్ అంటారు. తేనె చుక్క వేస్తారు, గులాబ్ జల్ వేస్తారు, సుర్మా పెడతారు. నీడ పడేది కంటి లోపల కాబట్టి పైన వేసేది ఏదీ అక్కడిదాకా పోదు. సుర్మాల్లో చాలావాటిలో సీసం ఉంటుంది, అది ఒంటికే మంచిది కాదు. ఫ్లోటర్స్‌ను కరిగించే చుక్కల మందు మెడికల్ షాపులో కూడా లేదు.

షుగరు ఉన్నవాళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. షుగరు వల్ల రెటీనా మీద బలహీనమైన కొత్త రక్తనాళాలు పుడతాయి. అవి పగిలితే జెల్లీలోకి రక్తం కారి, నల్ల పొగ కమ్మినట్టు, మసి రాలినట్టు కనపడుతుంది. దాన్ని కూడా చాలామంది ఫ్లోటర్సేలే అనుకుంటారు. చూపు బాగానే ఉన్నా షుగరు పేషెంట్లు ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలని డాక్టర్లు చెప్పేది ఇందుకే. కంట్లో వాపు వచ్చినా ఇలాంటి చుక్కలు కనపడతాయి. అప్పుడు నొప్పి, ఎరుపు కూడా ఉండొచ్చు.

ప్రసాద్ 1994 జూన్ 22న చనిపోయారు. తన పేరుతో డెల్టాలో ఒక ఆసుపత్రి లేవడం ఆయన చూడలేదు. భువనేశ్వర్, విశాఖపట్నం తరవాత 2011లో తాడిగడపలో కోడె వెంకటాద్రి చౌదరి క్యాంపస్ పేరుతో ఆ సంస్థ విజయవాడకు వచ్చింది. సోమవరప్పాడు నుంచి అక్కడికి హైవే మీద రెండు గంటల లోపే. ఊరు వదిలి బొంబాయి పోయిన పేరు, సగానికి కత్తిరించుకుని, దాదాపు ఎనభై ఏళ్లకు మళ్లీ ఈ కాలువల దగ్గరికి వచ్చింది.

ఇప్పుడు విజయవాడలో రెటీనా డాక్టర్లు వేరే ఆసుపత్రుల్లోనూ ఉన్నారు. ఎక్కడికి వెళ్లినా పరీక్ష ఒకేలా ఉంటుంది. కంటిపాప పెద్దదవడానికి చుక్కల మందు వేసి అరగంట దాకా కూర్చోబెడతారు. తరవాత డాక్టరు తలకు లైటు కట్టుకుని, చేతిలో ఒక లెన్సు పట్టుకుని కంటి వెనక అంచుల దాకా చూస్తారు. రక్తం అడ్డొచ్చి లోపల కనపడకపోతే స్కానింగ్ చేస్తారు. మందు దిగేదాకా కొన్ని గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, ఎండ చూడలేరు. అందుకని బైకు మీద ఒంటరిగా వెళ్లకూడదు, తోడు ఎవరైనా ఉండాలి. అంచుల దాకా చూడకుండా అద్దాల నంబరు మాత్రం చూసి ఏం లేదని పంపిస్తే ఆ పరీక్ష జరగనట్టే లెక్క.

చిరుగు లేకపోతే చేసేదేమీ ఉండదు. కొన్ని వారాల తరవాత మళ్లీ రమ్మంటారు, ఈలోపు మెరుపులు పెరిగినా కొత్త చుక్కలు వచ్చినా అదేరోజు రమ్మంటారు. నీడలు మెల్లగా కిందికి దిగుతాయి, మెదడు వాటిని పట్టించుకోవడం మానేస్తుంది. ఎదురుగా అడ్డొచ్చినప్పుడు కన్ను పైకీ కిందికీ తిప్పితే పక్కకు జరుగుతాయి. ఫ్లోటర్స్‌ను లేజర్‌తో పేల్చేయడం కొన్నిచోట్ల చేస్తారు కానీ అందరికీ పనికిరాదు, దాని లాభం మీద డాక్టర్లకే ఏకాభిప్రాయం లేదు. చదవడం, బండి నడపడం కూడా కష్టమైపోయిన కొద్దిమందికి విట్రెక్టమీ చేసి జెల్లీ తీసేస్తారు. దానివల్ల శుక్లం త్వరగా రావచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు, రెటీనా ఊడే ప్రమాదమూ ఉంది. ఈగ కోసం ఇల్లు కూల్చుకోవాలా అన్నది ఆలోచించుకోవాల్సిన సంగతే.

చిరుగు ఉంటే మాత్రం ఆలోచించడానికి ఏమీ లేదు. చుట్టూ లేజర్‌తో కుట్టు వేసినట్టు మచ్చలు పెడతారు. కొన్ని నిమిషాల పని, అదేరోజు ఇంటికి పోవచ్చు. ఆ మచ్చలు గట్టిపడటానికి పది రోజులు, రెండు వారాలు పడుతుంది. రెటీనా ఊడిపోయి ఉంటే ఆపరేషన్ చేయాలి. కొందరికి కంట్లో గ్యాసు నింపుతారు. అది రెటీనాను లోపలి నుంచి నొక్కి పట్టి ఉంచుతుంది, కాబట్టి డాక్టరు చెప్పినట్టే తల పెట్టుకుని కొన్ని రోజులు ఉండాలి. నమాజు చేసేవాళ్లు ఎలా కూర్చోవాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి. జబ్బుపడినవాళ్లు కూర్చుని, సైగలతో చేసుకోవడానికి అనుమతి ఎలాగూ ఉంది. కంట్లో గ్యాసు ఉన్నన్నాళ్లు విమానం ఎక్కకూడదు. పైకి పోయేకొద్దీ గ్యాసు వ్యాకోచించి కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పోవచ్చు. గల్ఫ్ ఉద్యోగానికి సెలవు అయిపోతోందనో, ఉమ్రా టికెట్ అయిపోయిందనో ఈ మాట దాటడానికి లేదు. గ్యాసు పూర్తిగా పోయిందని డాక్టరు చెప్పాకే ప్రయాణం.

లేజర్ అయి చిల్లు మూసుకున్నాక కూడా ఆ ఈగ కొన్నాళ్లు కంటి ముందు తిరుగుతూనే ఉంటుంది. మూసింది చిల్లును, నీడను కాదు. ఆ సంగతి డాక్టర్లు ముందే చెప్పి పంపిస్తారు.